ఈస్ట్‌లో పెరిగింది, కో-ఐపీలో బ్యాండ్ లేదు. దేన్ని నమ్మాలి?

ఉప్పుగాలి
సోమవారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. వైజాగ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, నాలుగో ఏడు. రొయ్యలకు వైరస్ సోకినప్పుడు పెరిగే రెండు ప్రొటీన్ల మీద పని, అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయా అన్నదే ప్రశ్న. పేర్లు బయట పెట్టొద్దని గైడ్ గారి ఆజ్ఞ, కాబట్టి ఎ, బి అనుకుందాం. ఎ 40 కిలోడాల్టన్లు, బి 48.

ఈస్ట్ టూ-హైబ్రిడ్‌లో (రెండు ప్రొటీన్లు కలిస్తేనే ఈస్ట్ బతికే పరీక్ష) ఎ ని ఎరగా పెట్టి బి ని వేటగా పెట్టాను. లూసిన్, ట్రిప్టోఫాన్, హిస్టిడిన్ లేని ప్లేటు మీద మూడో రోజుకే కాలనీలు వచ్చేశాయి. ఆ సాయంత్రం ల్యాబ్ మొత్తానికి సమోసాలు తెప్పించాను కూడా. తర్వాత కో-ఐపీ, అంటే యాంటీబాడీతో ఒకదాన్ని లాగి రెండోది వెంట వస్తుందా అని చూడటం. హెచ్ఈకే 293టీ అనే మనిషి కణాల్లో ఎ కి ఫ్లాగ్ ట్యాగ్, బి కి హెచ్ఏ ట్యాగ్ (గుర్తుపట్టడానికి చిన్న ముక్కలు) తగిలించి, రిపా బఫర్‌లో లైసిస్ చేసి, అంటే కణాలు పగలగొట్టి, ఫ్లాగ్ యాంటీబాడీ పట్టించిన బీడ్స్‌తో (సన్న పూసలు) లాగాను. రెండుసార్లు చేశాను. బి ఆనవాలు లేదు. హెచ్ఏ బ్లాట్‌లో (ప్రొటీన్లని సైజు వారీగా విడదీసి యాంటీబాడీతో చూసే పొర) 50 దగ్గర ఒక లావు మచ్చ, 25 దగ్గర ఇంకొకటి. ఫ్లాగ్‌ని పట్టని మామూలు యాంటీబాడీ వేసిన ఐజీజీ కంట్రోల్ లేన్‌లోనూ అవే ఉన్నాయి కాబట్టి అది యాంటీబాడీయే అని సీనియర్ తేల్చేశాడు.

గైడ్ గారేమో "ఈస్ట్‌లో వచ్చింది కదా, రాసేయమ్మా" అంటున్నారు. సీనియర్ "ఫాల్స్ పాజిటివ్, వదిలేయ్" అంటున్నాడు. ప్రీ-సబ్మిషన్ సెమినార్ దగ్గర పడుతోంది. టెన్షన్‌తో నిద్ర పట్టక ఇక్కడ రాస్తున్నాను.


గాజువాక_గణపతి
సోమవారం, రాత్రి 11:52

ముందు ఒక్క మాట చెప్పండి. ఎ ఉన్న ఎర ప్లాస్మిడ్‌తో (జీన్‌ని మోసే డీఎన్ఏ ఉంగరం) పాటు ఖాళీ వేట ప్లాస్మిడ్ వేసిన ప్లేటు ఉందా? అదీ, ఖాళీ ఎరతో బి వేసినదీ. ఈ రెండూ చూడకుండా సమోసాలు తెప్పించకూడదండీ.

చదివేవాళ్లలో కొత్తవాళ్లుంటారని విడమరిచి చెబుతున్నా. గాల్4 అనే ఈస్ట్ ప్రొటీన్‌లో ఒక భాగం డీఎన్ఏని పట్టుకుంటుంది, ఇంకో భాగం జీన్‌ని ఆన్ చేస్తుంది. 1989లో స్టాన్లీ ఫీల్డ్స్, ఓక్-క్యూ సాంగ్ ఈ రెండిటినీ విడగొట్టి, ఒకదానికి ఎస్ఎన్ఎఫ్1, రెండోదానికి ఎస్ఎన్ఎఫ్4 అతికించారు. ఆ రెండు ప్రొటీన్లూ ఒకదాన్నొకటి పట్టుకుంటే విడిపోయిన గాల్4 మళ్లీ దగ్గరపడి, కలిశాయని చెప్పే గంటలాంటి రిపోర్టర్ జీన్ మోగింది. మనం నేటికీ చేసేది అదే, డీఎన్ఏ భాగానికి అతికించింది ఎర, రెండోదానికి అతికించింది వేట. హిస్టిడిన్ లేని ప్లేటు మీద ఈస్ట్ బతికిందంటే హిస్3 జీన్ ఆన్ అయిందన్నమాట.

చిక్కెక్కడంటే, కొన్ని ప్రొటీన్లకి జోడీ అక్కర్లేదు. డీఎన్ఏ భాగానికి అతికించగానే వాటంతట అవే జీన్‌ని లేపేస్తాయి. దాన్నే ఆటో-యాక్టివేషన్ అంటాం. పైగా ఏహెచ్109 లాంటి స్ట్రెయిన్లలో హిస్3 కొంచెం కారుతూనే ఉంటుంది, మూసినా చుక్కలు పడే కుళాయిలాగా.


ఉప్పుగాలి
మంగళవారం, ఉదయం 9:15

గణపతి గారూ, సిగ్గుపడుతూ చెబుతున్నాను. ఖాళీ ఎర, బి ప్లేటు శుభ్రంగా ఉంది. ఎ, ఖాళీ వేట ప్లేటు మీద నాలుగో రోజుకి సన్న కాలనీలు వచ్చాయి. "ఎ, బి జోడీ కాలనీల కంటే చిన్నవి కదా" అని పట్టించుకోలేదు. స్ట్రెయిన్ మీరన్నదే, ఏహెచ్109.


గాజువాక_గణపతి
మంగళవారం, ఉదయం 9:40

చూశారా. ఇప్పుడు 3-ఏటీ కావాలి. అది హిస్3 తయారుచేసే ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది, కాబట్టి కారే చుక్కలతో ఈస్ట్ బతకలేదు. 1, 2.5, 5, 10 మిల్లీమోలార్ ప్లేట్లు పోయండి. ఖాళీ వేట ప్లేటు ఏ మోతాదులో చచ్చిపోతుందో అక్కడ ఎ, బి జోడీ బతుకుతుందో లేదో చూడండి. ఇంకో ప్లేటు అడెనిన్ లేకుండా. అడెనిన్ తయారీకి కావలసిన ఏడీఈ2 రిపోర్టర్ హిస్3 కంటే కచ్చితమైనది. మామూలు ప్లేటు మీద కాలనీల రంగు కూడా గమనించండి. ఏడీఈ2 బాగా ఆన్ అయితే తెల్లగా, లేకపోతే గులాబీ ఎరుపు.


పాత_పిపెట్
మంగళవారం, మధ్యాహ్నం 1:05

అమ్మాయ్, ఈస్ట్ సంగతి గణపతి చూసుకుంటాడు. నాకు నీ కో-ఐపీలో రెండు లోపాలు కనబడుతున్నాయి.

మొదటిది రిపా. అందులో 1% ఎన్‌పీ-40, 0.5% డీఆక్సీకోలేట్, 0.1% ఎస్‌డీఎస్ ఉంటాయి, మూడూ సబ్బులాంటివే. న్యూక్లియస్‌తో సహా అన్నీ కరిగించడానికి అది గొప్ప బఫరే. ప్రొటీన్లు ఒకదాన్నొకటి పట్టుకున్నాయా అని చూసేటప్పుడు మాత్రం అది చేతులు విడదీసి మరీ చూసినట్టు. 50 మిల్లీమోలార్ ట్రిస్ పీహెచ్ 7.5, 150 మిల్లీమోలార్ ఉప్పు, 0.5% ఎన్‌పీ-40, 10% గ్లిసరాల్, 1 మిల్లీమోలార్ ఈడీటీఏ. దీంతో చెయ్యి. ప్రొటీన్లని కొరికే ఎంజైములని ఆపే పీఎంఎస్ఎఫ్ నీళ్లలో ఎక్కువసేపు నిలవదు, లైసిస్‌కి ముందు నిమిషంలోనే కలుపు. పొద్దున కలిపి సాయంత్రం వాడితే వట్టి ఆల్కహాల్ వాసనే మిగులుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. నీ బి 48, దానికి హెచ్ఏ ట్యాగ్ కలిస్తే ఇంచుమించు 50. యాంటీబాడీలోని పెద్ద ముక్క, అదే హెవీ చెయిన్, అదీ 50. నీ ఫ్లాగ్ యాంటీబాడీ ఎలుకదీ, హెచ్ఏ యాంటీబాడీ కూడా ఎలుకదే అయితే, ఎలుక యాంటీబాడీలన్నిటినీ పట్టి చూపించే యాంటీ-మౌస్ సెకండరీ వేయగానే బీడ్స్ మీది హెవీ చెయిన్ అంతా వెలిగిపోతుంది. ఆ మచ్చ కింద బి కూర్చుని ఉన్నా నీకు కనపడదు. బ్యాండ్ లేదన్నావు గానీ, నువ్వు చూడగలిగే చోట అది లేదు, అంతే.


ఉప్పుగాలి
మంగళవారం, మధ్యాహ్నం 1:30

మాస్టారూ! రెండూ ఎలుకవే.


పాత_పిపెట్
మంగళవారం, మధ్యాహ్నం 1:48

అనుకున్నాను. కుందేలు హెచ్ఏ యాంటీబాడీ దొరికితే అది వాడు. లేదా హెచ్ఆర్‌పీ (వెలుగు పుట్టించే ఎంజైమ్) నేరుగా అతికించిన హెచ్ఏ యాంటీబాడీ, అప్పుడు సెకండరీతో పనే లేదు. అన్నిటికన్నా శుభ్రమైన దారి, ఎస్‌డీఎస్‌లో బీడ్స్ మరిగించకుండా ఫ్లాగ్ పెప్టైడ్‌తో ఎల్యూట్ చేయడం, అంటే విడిపించుకోవడం. యాంటీబాడీ చాలావరకు బీడ్స్ మీదే ఉండిపోతుంది.

ఇన్‌పుట్ లేన్, అంటే లాగకముందు లైసేట్, తప్పకుండా పెట్టు. వైపులు మార్చి కూడా లాగాలి, అంటే హెచ్ఏతో లాగి ఫ్లాగ్ చూడాలి. ఫ్లాగ్ ఎ లేకుండా హెచ్ఏ బి ఒక్కటే ఉన్న కణాల్లోనూ ఫ్లాగ్ ఐపీ చెయ్యి. బి ఊరికే బీడ్స్‌కి అంటుకుపోతుంటే అక్కడ దొరికిపోతుంది. ఐజీజీ కంట్రోల్ కంటే నాకు దీని మీదే గురి ఎక్కువ.


పరవాడ_క్యూసీ
మంగళవారం, రాత్రి 8:10

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను ఫార్మాలో క్యూసీ (నాణ్యత పరీక్ష), రోజంతా హెచ్‌పీఎల్‌సీ మిషన్‌తోనే కాపురం. ఒక డౌటు. ఇదంతా మచ్చ కనబడిందా లేదా అనే పంచాయితీలాగే ఉంది. మా దగ్గర ఎంత అంటే అంకె కావాలి. ఎ, బి ఎంత గట్టిగా పట్టుకున్నాయో నేరుగా కొలిచే మిషన్లు ఉన్నాయి కదా, వాటితో ఒక్కరోజులో తేలిపోదా అక్కా?


చిప్_మీద_బంగారం
మంగళవారం, రాత్రి 9:35

పరవాడ తమ్ముడూ, నా బతుకే ఆ మిషన్ కాబట్టి నేను చెబుతాను. పుట్టిల్లు ఎంవీపీ కాలనీ, ఉద్యోగం హైదరాబాద్‌లో.

ఎస్‌పీఆర్‌లో బంగారు పూత ఉన్న చిప్ మీద ఎ ని అతికిస్తాం. దాని మీదుగా బి ని పారిస్తాం. బి వచ్చి పట్టుకున్నకొద్దీ ఉపరితలం దగ్గర వక్రీభవన గుణకం మారి సిగ్నల్ పెరుగుతుంది, వట్టి బఫర్ పారిస్తే బి విడిపోతూ సిగ్నల్ తగ్గుతుంది. పట్టుకునే వేగం, విడిపోయే వేగం రెండూ వస్తాయి. ఐటీసీలో అయితే లేబుల్ లేదు, చిప్ లేదు, రెండు ద్రావణాలు కలిపినప్పుడు పుట్టే వేడిని కొలుస్తాం. వేడితో పాటు ఒక ఎ కి ఎన్ని బి లు అన్నది కూడా తెలుస్తుంది.

ఒక్కరోజు పని మాత్రం కాదు. రెండు ప్రొటీన్లూ శుభ్రంగా చేతిలో ఉండాలి. ఐటీసీ సెల్‌లో 20 మైక్రోమోలార్ ఎ, 300 మైక్రోలీటర్లు అంటే పావు మిల్లీగ్రాము. సిరింజిలో దానికి పది రెట్ల చిక్కదనంతో బి. ఒక్క ప్రయోగానికే ఇంచుమించు మిల్లీగ్రాము ప్రొటీన్ పోతుంది. రెండూ ఒకే బఫర్‌లో డయాలిసిస్ (పొరలో ఉంచి బఫర్ మార్చడం) అయి ఉండాలి, లేకపోతే బఫర్లు కలిసిన వేడినే ప్రొటీన్ల ప్రేమ అనుకుంటాం. ఇలా మోసపోయినవాళ్లని చాలామందిని చూశాను, అందులో నేనూ ఒకదాన్ని.

అసలు సంగతి వేరే ఉంది, ఉప్పుగాలీ, ఇది నీకోసం. కో-ఐపీలో బీడ్స్ ఎన్నిసార్లు కడిగావు, ఎంతసేపు? సెకనుకు 0.1 వేగంతో విడిపోయే జోడీ సగం ఆయుష్షు 0.693 ని 0.1 తో భాగిస్తే 7 సెకన్లు. వేగం 0.001 అయితే పదకొండున్నర నిమిషాలు. 0.0001 అయితే దాదాపు రెండు గంటలు. మైక్రోమోలార్ స్థాయి, అంటే బలహీనమైన జోడీలు సాధారణంగా మొదటి రకం. ఐదుసార్లు ఐదేసి నిమిషాలు తిప్పుతూ కడిగితే వాటిలో ఏం మిగులుతుంది? ఈస్ట్‌లో కడగడం ఉండదు. అక్కడ జోడీ విడిపోతూ మళ్లీ కలుస్తూ ఉన్నా రిపోర్టర్ మూడు రోజుల పాటు లెక్క కూడబెట్టుకుంటుంది. అందుకే ఒకదాంట్లో వచ్చి ఇంకోదాంట్లో రాకపోతే రెండూ నిజమే చెబుతూ ఉండొచ్చు.


ఉప్పుగాలి
మంగళవారం, రాత్రి 10:02

ఐదుసార్లే, ఐదేసి నిమిషాలే. మీరు మా ల్యాబ్‌లో సీసీటీవీ పెట్టారా అక్కా?


కోడ్_కుర్రాడు
మంగళవారం, రాత్రి 10:30

ఇంత శ్రమ ఎందుకో నాకు అర్థం కాదు. రెండు సీక్వెన్సులూ ప్రొటీన్ ఆకారం ఊహించే ఆల్ఫాఫోల్డ్‌లో వేస్తే కాఫీ తాగి వచ్చేలోపు జోడీ నిర్మాణం వస్తుంది. 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో సగం దానికే ఇచ్చారు కూడా.


గాజువాక_గణపతి
మంగళవారం, రాత్రి 10:41

ఇచ్చారు బాబూ, హస్సాబిస్‌కి, జంపర్‌కి. మిగతా సగం డేవిడ్ బేకర్‌కి. వాళ్లెవరూ ప్రయోగం మానేయమనలేదు. ఏ జోడీ ఇచ్చినా అది ఏదో ఒక బొమ్మ గీసిస్తుంది, అడిగితే కాదనలేని చుట్టంలాగా. ఆ బొమ్మ మీద దానికే ఎంత నమ్మకమో చెప్పే ఐపీటీఎం స్కోరు చూశారా అన్నదే ప్రశ్న. 0.8 దాటితే నమ్మకం, 0.6 కన్నా తక్కువైతే బొమ్మ తప్పయ్యే అవకాశమే ఎక్కువ.


ఉప్పుగాలి
మంగళవారం, రాత్రి 10:55

నేనూ వేసి చూశాను. 0.41.


కోడ్_కుర్రాడు
మంగళవారం, రాత్రి 10:57

సరే, నేను కాఫీ తాగడానికి వెళ్తున్నాను.


మైక్రోస్కోప్_మంగ
బుధవారం, ఉదయం 7:20

కణాలు పగలగొట్టకుండానే చూసే దారులూ ఉన్నాయి. ఫ్రెట్‌లో ఒక ప్రొటీన్‌కి సయాన్, రెండోదానికి పసుపు రంగు ప్రొటీన్ తగిలిస్తాం. దగ్గరకొస్తే మొదటిదాని శక్తి రెండోదానికి దూకుతుంది. ఈ దూకుడు దూరం ఆరో ఘాతానికి విలోమంగా తగ్గుతుంది. ఈ సిద్ధాంతం ఫోర్‌స్టర్ 1948లో చెప్పిందే. ఆ జోడీకి 5 నానోమీటర్ల దగ్గర సామర్థ్యం సుమారు సగం, 10 దగ్గర ఒకటిన్నర శాతం. అందుకే అది కాస్త నమ్మదగిన కొలబద్ద.

బైఎఫ్‌సీ తేలిక. పసుపు ప్రొటీన్‌ని రెండు ముక్కలు చేసి ఎ కి ఒకటి, బి కి ఒకటి. కలిస్తే వెలుగు. మామూలు ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోప్ చాలు. కానీ ఆ ముక్కలు ఒకసారి అతుక్కున్నాయంటే ఇక విడిపోవు. అనుకోకుండా తగిలినా పెళ్లయిపోతుంది. ప్రొటీన్ మోతాదు ఎక్కువైతే అంతా వెలుగే. అతికే చోట మ్యుటేషన్ చేసిన ఎ ని పక్కన పెట్టకుండా బైఎఫ్‌సీ ఫొటో ఎవరు చూపించినా నేను నమ్మను.


పరవాడ_క్యూసీ
బుధవారం, ఉదయం 8:05

బయోఐడీ అని ఒకటి విన్నాను మంగ గారూ, అది?


మైక్రోస్కోప్_మంగ
బుధవారం, ఉదయం 8:25

అది ఇరుగుపొరుగుని పట్టేది. ఎ కి ఒక అదుపు తప్పిన బయోటిన్ ఎంజైమ్ తగిలిస్తే చుట్టూ 10 నానోమీటర్ల లోపు ఉన్నవాటి మీదల్లా బయోటిన్ పూస్తుంది. తర్వాత బయోటిన్‌ని పట్టే స్ట్రెప్టావిడిన్ బీడ్స్‌తో లాగి, ఏవేం ప్రొటీన్లో చెప్పే మాస్ స్పెక్ మిషన్‌కి పంపుతారు. 2012లో వచ్చిన పద్ధతికి దాదాపు రోజంతా పట్టేది, 2018లో వచ్చిన టర్బోఐడీకి పది నిమిషాలు. బలహీనమైన, క్షణికమైన స్నేహాలు కూడా దొరుకుతాయి. కానీ సాయంత్రం ఆరింటికి కాంప్లెక్స్‌లో గాజువాక బస్సెక్కితే ఎంతమంది భుజాలు రాసుకుంటాం? వాళ్లంతా చుట్టాలా? జాబితా ఇస్తుంది గానీ చుట్టరికం తేల్చదు. ఈ అమ్మాయి ప్రశ్నకి అది అక్కర్లేదు.


పాత_పిపెట్
బుధవారం, ఉదయం 10:10

ఇంకొకటి. రొయ్య 28, 30 డిగ్రీల నీళ్లలో బతికే జీవి. దాని ప్రొటీన్‌ని 37 డిగ్రీల మనిషి కణంలో తయారు చేయిస్తున్నావు, సరిగా ముడుచుకోకపోవచ్చు. ట్రాన్స్‌ఫెక్షన్ (కణాల్లోకి డీఎన్ఏ ఎక్కించడం) అయ్యాక రెండో రోజు ప్లేట్లని 30 డిగ్రీలకి మార్చి చూడు. ఎస్2 లాంటి పురుగు కణాలుంటే ఇంకా మేలు. రొయ్యకి అందరికీ దొరికే సొంత సెల్ లైన్ లేకపోవడమే మన ప్రాంతంలో ఈ పని చేసేవాళ్లందరి కష్టం. ఇంత రొయ్య పండించే తీరంలో!

ఈస్ట్ పాజిటివ్ కంట్రోల్, అదే కలుస్తాయని ముందే తెలిసిన పీ53, లార్జ్ టీ జోడీ, ఉందో లేదో కూడా చూసుకో. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మేం పనిచేసే చోట మైనస్ 80 ఫ్రీజర్‌కి రోజుల తరబడి కరెంటు లేదు. తలుపు తెరవకపోతే చల్లదనం ఆగుతుందని కాపలా కాశాం. ఆగలేదు. పదేళ్ల గ్లిసరాల్ స్టాకులు నీళ్లు కారిపోయాయి, కంట్రోళ్లతో సహా. ప్లాస్మిడ్లు ఫిల్టర్ కాగితం మీద చుక్కలుగా ఆరబెట్టి బీరువాలో దాచిన ఒక చాదస్తపు కుర్రాడి వల్లే మళ్లీ మొదలుపెట్టగలిగాం. అప్పటిదాకా వాణ్ణి ఏడిపించని రోజు లేదు.


ఉప్పుగాలి
తర్వాతి వారం, గురువారం, రాత్రి 9:50

అప్‌డేట్. ఒక్కొక్కటే చెబుతాను.

ఈస్ట్: 3-ఏటీ పక్క డిపార్ట్‌మెంట్‌లో దొరికింది. 5 మిల్లీమోలార్ దగ్గర ఎ, ఖాళీ వేట ప్లేటు పూర్తిగా శుభ్రం. ఎ, బి జోడీ బతికింది, కానీ నెమ్మదిగా, ఐదో రోజుకి. అడెనిన్ లేని ప్లేటు మీద ఏమీ లేదు, కాలనీలు గులాబీ రంగు. పీ53 జోడీ మాత్రం తెల్లగా మెరుస్తోంది.

కో-ఐపీ: మాస్టారి బఫర్, 30 డిగ్రీలు, కుందేలు హెచ్ఏ యాంటీబాడీ. మూడుసార్లే, చల్లని బఫర్‌తో గబగబా కడిగాను. బ్యాండ్ వచ్చింది!!! 50 దగ్గర, సన్నగా, స్పష్టంగా. ఎ లేని లేన్ ఖాళీ. ఇన్‌పుట్లు సమానం. తిప్పి లాగినా వచ్చింది.

ఈసారి సమోసాలు తెప్పించలేదు. మీరు చెప్పేదాకా ఆగుతున్నాను.


గాజువాక_గణపతి
గురువారం, రాత్రి 10:05

శభాష్. బలహీనమైనదే కానీ నిజమైన జోడీలా ఉంది. నా వైపు నుంచి ఒక ప్లేటు పునుగులు, కారం చట్నీతో.


పాత_పిపెట్
గురువారం, రాత్రి 10:30

బాగుంది. ఇంతకీ బి ఏం చేస్తుందమ్మా? పేరు చెప్పక్కర్లేదు, పని చెప్పు.


ఉప్పుగాలి
గురువారం, రాత్రి 10:38

కచ్చితంగా తెలీదు మాస్టారూ. సీక్వెన్స్‌లో రెండు ఆర్ఆర్ఎం డొమైన్లున్నాయి. ఎ లో కోల్డ్-షాక్ డొమైన్ ఉంది.


పాత_పిపెట్
గురువారం, రాత్రి 10:44

ఈ మాట సోమవారం చెప్పాలి కదమ్మా! రెండూ ఆర్ఎన్ఏని పట్టుకునేవే!

ఒకే తాడుని ఇద్దరు పట్టుకుని నిలబడితే, ఒకణ్ణి లాగితే రెండోవాడూ వస్తాడు. వాళ్లు చేతులు కలిపినట్టు కాదు. కణాల లైసేట్ నిండా ఆర్ఎన్ఏ ఉంటుంది. ఈస్ట్ న్యూక్లియస్‌లోనూ ఉంటుంది, కాబట్టి అక్కడ కాలనీ వచ్చినంత మాత్రాన ఈ అనుమానం తీరదు. ఆర్ఎన్ఏని ముక్కలు చేసే ఆర్ఎన్ఏస్ ఎ అనే ఎంజైమ్ (ఈ ఎ నీ ప్రొటీన్ కాదు) వేసి చూడు. కొత్తగా కొనక్కర్లేదు, ప్లాస్మిడ్ మినీప్రెప్‌కి వాడేది మీ ఫ్రిజ్‌లోనే ఉంటుంది. కిట్ బఫర్‌లో కలిపింది కాకుండా విడి స్టాక్ తీసుకో. బీడ్స్ మీద 50 మైక్రోగ్రాములు ప్రతి మిల్లీలీటరుకి, అరగంట, 4 డిగ్రీలు, తర్వాత కడిగి బ్లాట్.


ఉప్పుగాలి
శనివారం, సాయంత్రం 6:15

బ్యాండ్ పోయింది. మొత్తం పోయింది. ఫ్లాగ్ ఎ మాత్రం బీడ్స్ మీద అంతే ఉంది. ఆర్కే బీచ్‌లో కూర్చుని ఫోన్‌లో ఈ ముక్క టైప్ చేస్తున్నాను. ముంతమసాలా కూడా రుచించట్లేదు. నాలుగేళ్ల అధ్యాయం అరగంటలో కరిగిపోయింది.


చిప్_మీద_బంగారం
శనివారం, సాయంత్రం 6:40

ఆగు, ఏడవకు. నాకు ఆ అరగంట మీద అనుమానం. ఆర్ఎన్ఏస్ లేకుండా అదే బఫర్‌లో అరగంట ఊరికే ఉంచిన ట్యూబ్ పెట్టావా? నేను మొదటే లెక్క చెప్పాను కదా. విడిపోయే వేగం 0.001 అయితే పదకొండున్నర నిమిషాలకి సగం, అరగంట దాటేసరికి ఎనిమిదో వంతు. నీ జోడీ బలహీనమని ఈస్టే చెబుతోంది. ఆర్ఎన్ఏస్ చంపిందో, సమయమే చంపిందో నీకింకా తెలీదు.


ఉప్పుగాలి
శనివారం, సాయంత్రం 6:44

పెట్టలేదు.


మైక్రోస్కోప్_మంగ
శనివారం, సాయంత్రం 6:50

బీచ్ నుంచి ల్యాబ్‌కి ఆటోలో ఎంతసేపు?


పాత_పిపెట్
శనివారం, సాయంత్రం 7:30

ఇవాళ వద్దు, ఇంటికెళ్లి తిని పడుకోమ్మా. సోమవారం చెయ్యి. మూడు ట్యూబులు: వెంటనే మరిగించినది, ఆర్ఎన్ఏస్ లేకుండా అరగంట ఉంచినది, ఆర్ఎన్ఏస్‌తో అరగంట ఉంచినది. ఉప్పు 150 దగ్గరే ఉంచు, మూడింటిలో ఒకేలా.


ఉప్పుగాలి
మంగళవారం, రాత్రి 8:20

మూడు ట్యూబులూ మూడుసార్లు చేశాను. వెంటనే మరిగించినదాంట్లో బ్యాండ్ బలంగా ఉంది. ఆర్ఎన్ఏస్ లేకుండా అరగంట ఉంచినదాంట్లో కొంచెం తగ్గింది, ఉంది. ఆర్ఎన్ఏస్ ఉన్నదాంట్లో సున్నా. మూడుసార్లూ ఇంతే.

అంటే ఎ, బి చేతులు కలపలేదు, తాడే.


గాజువాక_గణపతి
మంగళవారం, రాత్రి 8:45

ఇంకో రకంగా కూడా ఉండొచ్చు. ఆర్ఎన్ఏని పట్టుకున్నాకే బి ఆకారం మారి, ఎ కి చెయ్యందిస్తుందేమో. ఆర్ఎన్ఏస్ ఈ రెండిటినీ విడదీసి చెప్పలేదు. బి ఆర్ఆర్ఎంలలో ఆర్ఎన్ఏ మీద వాలే సుగంధ అమినో ఆమ్లాలని అలనిన్‌గా మార్చి కో-ఐపీ చేయండి. ఈస్ట్‌లోనూ అదే మ్యుటెంట్ వేయండి. ఆ తర్వాత జీఎస్‌టీ (పన్ను కాదు, ఒక ట్యాగ్) పుల్-డౌన్, బాక్టీరియాలో తయారుచేసిన శుభ్రమైన ప్రొటీన్లతో.


చిప్_మీద_బంగారం
మంగళవారం, రాత్రి 9:10

ఆ శుభ్రత గురించి ఒక మాట. బాక్టీరియా ఆర్ఎన్ఏ కూడా అంటుకునే వస్తుంది. ప్యూరిఫై చేశాక 260, 280 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ నిష్పత్తి చూడు. శుభ్రమైన ప్రొటీన్‌కి 0.6 దగ్గర ఉంటుంది. 1 దాటితే నువ్వు కొలుస్తున్నది ఒంటరి ప్రొటీన్ కాదు. 1 మోలార్ ఉప్పుతో కడుగు, హెపారిన్ కాలమ్ ఉంటే ఎక్కించు. అది అయ్యాక ఎస్‌పీఆర్‌కి నా దగ్గరకి రా. ఎ అతికించిన చిప్ మీద బి ఒక్కటే ఒకసారి, ఆర్ఎన్ఏ కలిపిన బి ఇంకోసారి పారిద్దాం. గణపతి అడిగినదానికి జవాబు అందులోనే ఉంది. గోదావరి ఎక్కితే తెల్లారేసరికి ఇక్కడుంటావు.


పరవాడ_క్యూసీ
మంగళవారం, రాత్రి 9:25

అక్కా, గైడ్ గారేమన్నారు?


ఉప్పుగాలి
మంగళవారం, రాత్రి 9:50

కాసేపు మాట్లాడలేదు. తర్వాత మూడు బ్లాట్లూ పక్కపక్కన పెట్టి చూసి, సెమినార్ తేదీ వెనక్కి జరిపించారు. అధ్యాయం పేరులో "నేరుగా" అన్న మాట కొట్టేశారు. లేచి వెళ్తూ "ఆ ఆర్ఎన్ఏ ఏది మరి?" అన్నారు.


పాత_పిపెట్
మంగళవారం, రాత్రి 10:15

మంచి గైడే. వెంటనే మరిగించే బదులు ఆ బీడ్స్ మీద ట్రైజాల్ వేసి ఆర్ఎన్ఏ తియ్యి. మొదట నీకు అనుమానమున్న రెండు మూడు జీన్లకి ఆర్‌టీ-పీసీఆర్ చేసుకో, సీక్వెన్సింగ్ తర్వాత. హెచ్ఈకేలో దొరికేది మనిషి ఆర్ఎన్ఏ అని మర్చిపోకు. రొయ్య రక్తకణాల్లో చేయాలంటే ఎ కి సొంత యాంటీబాడీ కావాలి, దానికి ఇప్పటినుంచే ప్రొటీన్ దాచుకో.


ఉప్పుగాలి
మంగళవారం, రాత్రి 10:22

ట్రైజాల్ బాటిల్ అడుగున ఒక మిల్లీలీటరు ఉంది మాస్టారూ. సరిపోతుందా?


పాత_పిపెట్
మంగళవారం, రాత్రి 10:24

ఒక ట్యూబుకి సరిపోతుంది. ఎ లేని కంట్రోల్ ట్యూబుకో?


ఉప్పుగాలి
మంగళవారం, రాత్రి 10:25

పొద్దున్నే పక్క ల్యాబ్‌కి వెళ్లి అడుక్కుంటాను.